వంటలక్కని చంపింది కారు ప్రమాదం కాదు

సీరియల్ పడిపోతోందని భయం పట్టుకుంటే ఛానెల్ వాళ్లకి తెలిసిన వైద్యం ఒకటే, ఎవరినో ఒకరిని చంపేయడం. అది పనిచేయకపోతే చచ్చినవాళ్లని బతికించడం. ఈ రెండు వైద్యాలూ ఒకే ఏడాదిలో, ఒకే రోగికి చేయించుకున్న ఘనత మన 'కార్తీక దీపం'ది. 2022 మార్చిలో దీపనీ డాక్టర్ బాబునీ కారు ప్రమాదంలో చంపేశారు. అదే ఏడాది ఆగస్టుకి ఆమెని కోమాలోంచి లేపారు, ఆయన్ని గతం మర్చిపోయినవాడిగా పట్టుకొచ్చారు. 2023 జనవరి 23న మొత్తానికి మూట కట్టేశారు. మళ్లీ 2024 మార్చిలో అవే ముఖాలు, అవే పేర్లు, వేరే కథతో రెండో భాగం.

సీరియళ్ల మీద మాట్లాడితే 'పనీపాటా లేనివాళ్ల గోల' అని కొట్టిపారేసేవాళ్లు చాలామంది. వాళ్లకి నేనేం చెప్పను. ఆ కథతో అయిదేళ్లు నడిచిన మనవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

2017 అక్టోబరులో స్టార్ మాలో ఇది మొదలైనప్పుడు మా ఉక్కునగరం క్వార్టర్లలో రాత్రి ఏడున్నరకి ఏ కిటికీలోంచి చూసినా అదే పాట వినిపించేది. ఇక్కడ మగవాళ్లకి బి షిఫ్ట్ అంటే మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది. ఆ వారం ఆడవాళ్లకి సాయంత్రం కాస్త తమ చేతిలో ఉంటుంది. కుక్కర్ ఎక్కించి, పిల్లల్ని పుస్తకాల ముందు కూర్చోబెట్టి, చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు చేరేవాళ్లం. ఎవరిని చూడటానికి? డాక్టర్ బాబుని చూడటానికని మావారు ఆటపట్టించేవారు. కాదండీ. మేం చూసింది వంటలక్కని.

ఆ పేరు ఎలా వచ్చిందో గుర్తు చేసుకోండి. మొగుడు అనుమానించాడు. తనకి పిల్లలు పుట్టరని మోనిత పుట్టించిన అబద్ధపు రిపోర్టు నమ్మి, భార్య కడుపులో బిడ్డ తనది కాదన్నాడు. ఆమె ఇల్లు వదిలి బయటికొచ్చింది. వంట చేసి, అమ్మి, కూతుర్ని పెంచుకుంది. పుట్టింటి ఆసరాతోనో, కోర్టు ఇప్పించిన మనోవర్తితోనో కాదు, గరిటతో. మనం రోజూ చేసే పని, ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోని పని, అక్కడ ఒక మనిషి తల ఎత్తుకుని బతకడానికి సరిపోయింది. కూర్మన్నపాలెంలో కర్రీ పాయింట్ నడిపే ఒకావిడ సాంబారు ప్యాకెట్లు కడుతూనే ఫోన్లో ఈ సీరియల్ చూసేది. "మన పని మీద కథ తీశారమ్మా" అంది ఒకసారి నాతో. ఛానెల్ వాళ్లు ఎన్ని సర్వేలు చేయించుకున్నా ఇంతకంటే మంచి సమాధానం దొరికేది కాదు.

కథ తిరుగులేనిదని కాదు నేననేది. నల్లగా ఉన్న అమ్మాయి పడే అవమానాల కథ అంటూనే ప్రేమీ విశ్వనాథ్ ముఖానికి రంగు పూసి నల్లగా చేశారు. ఆవిడ నటనకి వంక పెట్టను. కానీ నలుపే కథాంశమైన సీరియల్‌కి నల్లటి నటి దొరకలేదంటే, ఆ అవమానం తెర బయట కూడా ఉందన్నమాటే కదా! ఇంత తెలిసీ చూశాం, ఆ గరిట కోసం.

నిజం బయటపడి, దీప కళంకం తుడిచిపెట్టుకుపోయాక వచ్చింది అసలు చిక్కు. నన్నడిగితే కథ అక్కడే మొదలవ్వాలి. పదేళ్ల పాటు నన్ను అనుమానించినవాడు ఇప్పుడు రిపోర్టు చూసి నమ్మాడు. రిపోర్టుని నమ్మాడు, నన్ను కాదు. ఇప్పుడు నేను ఆ ఇంటికి వెళ్లాలా? వెళ్తే ఏ షరతు మీద? నా వంట వ్యాపారం ఏమవుతుంది? నేను లేని ఇంట్లో పెరిగిన పిల్లకి నేనెవర్ని? ఇన్ని ప్రశ్నలు నోరు తెరుచుకుని ఉంటే, వాటిని దాటేసి మోనిత ఇంకో పన్నాగం, ఇంకో పన్నాగం అంటూ నడిపారు. తర్వాత కూడా దీప చేతికి గరిట దొరక్కపోలేదు గానీ, అది కథకి వెన్నెముకగా మాత్రం మిగల్లేదు. జనం పలచబడింది అప్పుడు. దాన్ని చూసి మలుపులు చాలడం లేదనుకున్నారు.

కారుని లోయలోకి తోసేశారు. పిల్లలు పెద్దవాళ్లయిపోయారు. హిమ డాక్టరయింది, శౌర్య ఆటో నడిపే జ్వాల అయింది. ఆ ఆటో నడిపే పిల్లలో నాకు కాస్త ఆశ కనిపించిందని ఒప్పుకోవాలి. తల్లి గరిట తిప్పి బతికితే కూతురు స్టీరింగ్ తిప్పి బతుకుతోంది. దాన్ని పట్టుకుని రాసి ఉండొచ్చు. రాయలేదు. ఒకే కుర్రాడి చుట్టూ ఇద్దరు అక్కచెల్లెళ్లని తిప్పారు. మా అత్తగారు మోకాళ్ల నొప్పులతో నాలుగేళ్లుగా ఆ ఏడున్నరనే నమ్ముకున్న మనిషి. "వాళ్లమ్మని చంపేశాక ఈ పిల్లలతో నాకేం పనే?" అన్నారు. అయిదు నెలలకి దీప కళ్లు తెరిచింది. నేను వంటింట్లోంచి పిలిచి చెప్పాను, "అత్తయ్యా, వంటలక్క లేచింది!" "లేచిందా, మంచిది" అని ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూర్చున్నారు. తల కూడా ఎత్తలేదు.

గతం మర్చిపోవడం గురించి ఒక మాట చెప్పాలి. నేను బి.ఏ. తెలుగులో చదివిన చదువు ఈ వయసులో ఇలా అక్కరకొస్తుందనుకోలేదు. శకుంతల కథ మనకి రెండు రకాలుగా ఉంది. కాళిదాసు నాటకంలో దుష్యంతుడు ఆమెని గుర్తుపట్టకపోవడానికి దుర్వాసుడి శాపం కారణం. ఉంగరం దొరికాక ఆయనకి జ్ఞాపకం వస్తుంది. పాపం, ఆయన తప్పేం లేదు. కానీ భారతంలో, మన నన్నయ ఆదిపర్వంలో, శాపమూ లేదు, ఉంగరమూ లేదు. రాజుకి అన్నీ గుర్తున్నాయి. గుర్తుండే, లోకానికి జడిసి, నువ్వెవరో నాకు తెలీదంటాడు. అప్పుడు శకుంతల ఏడుస్తూ వెనక్కి పోదు. నిండు సభలో కొడుకుని పక్కన నిలబెట్టుకుని, సత్యమంటే ఏమిటో, భార్య అంటే ఏమిటో, కొడుకు అంటే ఏమిటో ఆ రాజుకి పాఠం చెబుతుంది. చివర్లో ఆకాశవాణి సాక్ష్యం చెబుతుంది, అది వేరే సంగతి. మాట గెలిచింది అంతకుముందే.

ఇప్పుడు 'కార్తీక దీపం' చూడండి. అబద్ధపు రిపోర్టు దుర్వాసుడి శాపం లాంటిది, మగవాడి అనుమానానికి ఒక సాకు. డాక్టర్ బాబు మతిమరుపు రెండో శాపం. సీరియల్‌ని బతికించాలనుకున్న ప్రతిసారీ వీళ్లు మగవాడికి ఇంకో సాకు వెతికి పెట్టారు. మనమేమో నన్నయ శకుంతల సభలో మాట్లాడుతుందని అయిదేళ్లు ఎదురుచూశాం.

ఈ జబ్బు మన ఒక్కరిదే అనుకోకండి. సబ్బుల కంపెనీలు డబ్బు పెట్టి అమెరికా రేడియోలో కథలు నడిపించిన 1930ల నుంచీ ఉన్నదే. ఆ దేశంలో 'జనరల్ హాస్పిటల్' అని ఒక సీరియల్, 1963 నుంచి వస్తోంది. 1978 నాటికి దాన్ని ఆపేసే పరిస్థితి వచ్చింది. గ్లోరియా మాంటీ అనే ఆవిడని నిర్మాతగా తెచ్చిపెట్టారు. ఆవిడ కథనానికి వేగం పెంచింది, కుర్రకారుని తెరమీదికి తెచ్చింది, చచ్చిపోతున్న సీరియల్‌ని నంబర్ వన్ చేసింది. 1981 నవంబరులో అందులో ల్యూక్, లారా పెళ్లి చూసినవాళ్లు దాదాపు 3 కోట్లు! పునరుద్ధరణ అంటే ఇదీ అని ఇప్పటికీ చెప్పుకుంటారు. అయితే ఆ పెళ్లికొడుకు 1979లో ఆ పెళ్లికూతుర్నే బలాత్కరించినవాడు. జంటకి ఆదరణ వచ్చేసరికి దాన్ని ప్రేమగా మార్చేశారు. 1998లో, ఆ జంట కొడుకుకి నిజం తెలిసినట్టు రాసి, ఆ పుండుని మళ్లీ విప్పాల్సి వచ్చింది. కొత్తగా పగ్గాలు పట్టింది ఒక ఆడమనిషి అయినా మూల్యం చెల్లించింది కథలోని ఆడపిల్లే. అందుకే రేటింగ్ లేచిందంటే చాలదు నాకు. ఏం తొక్కి లేచిందో చూడాలి.

హిందీలో ఏక్తా కపూర్ 2000లో మొదలుపెట్టిన 'క్యోంకి సాస్ భీ కభీ బహూ థీ'లో మిహిర్‌ని చంపి, జనం గొడవ చేస్తే మళ్లీ తెచ్చారు. అంటే రెండు దశాబ్దాల నాటి చిట్కా. 2025లో ఆ సీరియల్‌నే మళ్లీ తీశారు.

మా ఊళ్లో 'పునరుద్ధరణ' అనే మాట చిన్న పిల్లలకి కూడా తెలుసు. 2025 జనవరిలో స్టీల్ ప్లాంట్‌కి కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించిన రోజు ఇంటింటా అదే చర్చ. అయినా ఇక్కడ పాతవాళ్లనెవర్ని కదిపినా ఒకే మాటంటారు. సొంత గనులు లేవు, ముడి ఇనుము కొనుక్కోవాలి, డబ్బు ఎంత పోసినా ఆ లోటు లోటే. మా మూడో బ్లాస్ట్ ఫర్నేస్ పేరు అన్నపూర్ణ. ఆగిపోయిన అన్నపూర్ణని మళ్లీ వెలిగించాలంటే లోపల వేయడానికి ఖనిజం ఉండాలి, బొగ్గు ఉండాలి. ఛానెళ్ల గతీ అదే. 'కార్తీక దీపం' మలయాళంలో 2014లో మొదలైన 'కరుత్తముత్తు'కి రీమేక్. అక్కడా మొదట్లో ఈ ప్రేమీ విశ్వనాథే నాయిక. ఒక్క ఇదేనా, మన ఛానెళ్లలో మలయాళం, తమిళం, బెంగాలీ నుంచి కొనుక్కొచ్చిన కథలు ఎన్ని లేవు! కొన్న ఖనిజం అయిపోగానే యాక్సిడెంటు, కోమా, మతిమరుపు. కథలు రాసేవాళ్లు మనకి లేరా? దూరదర్శన్‌లో 'ఋతురాగాలు', జెమినీలో 'చక్రవాకం', 'మొగలిరేకులు' తీసిన మంజులా నాయుడు తెలుగావిడే. 'చక్రవాకం' ముగించి 'మొగలిరేకులు' మొదలుపెట్టారు. ఒక కథ అయిపోతే ఇంకో కథ. చచ్చినవాళ్లని లేపుకుంటూ కూర్చోవడం కంటే అది మర్యాద కాదూ?

'నచ్చకపోతే కట్టేయండి, ఎవరు చూడమన్నారు' అంటారు. కట్టేశాం కదండీ, అందుకేగా ఆ సీరియల్ పడింది! కానీ మనం కట్టేసినట్టు వాళ్లకి తెలిసే దారి ఏదీ? బార్క్ మీటర్లు దేశం మొత్తం మీద ఉన్నవి కొన్ని వేల ఇళ్లలోనే. మీ ఇంట్లో ఉందా? మా వీధిలో లేదు. గురువారం గురువారం వచ్చే ఆ అంకెలు, ఎంతమంది మానేశారో చెబుతాయి, ఎందుకు మానేశారో చెప్పవు. మా అత్తగారు తల ఎందుకు ఎత్తలేదో ఏ మీటరు చెబుతుంది?

రేపు ఇంకో సీరియల్ పడిపోతుంది. ఇంకో కొత్త మనిషి వచ్చి పగ్గాలు పట్టుకుంటారు. ఆయనకో ఆవిడకో నేను చెప్పేది చాలా చిన్నది. కారుకి బ్రేకులు తీసేయకముందు, సాయంత్రం వంట చేసుకునే ఓ నలుగురు ఆడవాళ్ల దగ్గర అరగంట కూర్చోండి. దీప మెస్ పెట్టుకుని, తన పేరుతో బోర్డు రాయించుకుని, డాక్టర్ బాబు మధ్యాహ్నం వచ్చి అందరితో పాటు లైన్లో నిలబడి టోకెన్ తీసుకునే ఒక్క ఎపిసోడ్ రాయించండి. ఆ రోజు మా ఇంట్లో మధ్యలో ప్రకటనలొచ్చినా ఎవరూ లేవరు.