విజ్ఞానయాత్రలు - దిక్సూచి

విజ్ఞానయాత్ర అనగానే మన కళాశాలల్లో ఒక ఆచారం స్థిరపడిపోయింది. బస్సు కుదుర్చుకోవడం, అన్నం డేగిశాలు పైకెక్కించడం, విజయపురి సౌత్ రేవులో లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియం చూడడం, తిరుగు ప్రయాణంలో ఎత్తిపోతల ముందు నిలబడి ఫోటోలు దిగడం. సాయంత్రానికి ఇల్లు చేరితే యాత్ర ముగిసినట్లే. ఇందులో వినోదమున్నది, కొంత చరిత్ర కూడా ఉన్నది. కాని యాత్ర అనే మాటకు ప్రాణమైన నడక లేదు, నడకకు కన్నువంటి దిక్కుల జ్ఞానం అంతకంటే లేదు. ఈ లోపం చిన్నది కాదని నాకు పుస్తకం నేర్పలేదు. నా తప్పు నేర్పింది. విద్యార్థులకూ, కళాశాల కమిటీవారికీ దానిని విన్నవించుకోవడమే ఈ వ్యాసంలో నా ఉద్దేశం.

కొన్నేళ్ల క్రితం ఒక డిసెంబరులో, పదకొండుమంది విద్యార్థులను వెంటబెట్టుకొని ఈ ప్రాంతంలోనే ఒక గట్టు ఎక్కాను. అభయారణ్యానికి వెలుపల, ఒక తండాకు ఎగువనున్న గట్టు అది. వాయుగుండం ప్రభావం వల్ల ఆకాశమంతా మబ్బు కమ్మి ఉన్నది. పైకి చేరితే నేలంతా బల్లపరుపు. నడుమెత్తు బోద, ముళ్లపొదలు, అక్కడక్కడ నల్లని రాతిపలకలు. అంచుదాకా పోతే జలాశయం కనబడుతుందని చెప్పి, బాట విడిచి వాళ్లను నడిపించింది నేనే.

కొండ వాలు మీద మనిషికి ఎగువా దిగువా తెలుస్తాయి. గట్టుపైని మైదానంలో ఆ ఆధారం కూడా ఉండదు. ప్రతి పొదా మరొక పొదవలెనే ఉంటుంది. గంటన్నర నడిచిన తరువాత ఒక విద్యార్థి మెల్లగా, “సార్, ఈ పుట్టను ఇందాక చూశాం” అన్నాడు. “అది వేరే పుట్ట” అన్నాను. ఆ కుర్రవాడు మరి మాట్లాడలేదు. గురువు మాటకు ఎదురు చెప్పరాదని మనమే కదా నేర్పాము! సెల్‌ఫోనులో సిగ్నలు లేదు. పటాన్ని ముందుగా దింపుకోలేదు గనుక తెర మీద తెల్లని గళ్లు తప్ప ఏమీ కనబడలేదు. అస్ర్ వేళకు మరొక విద్యార్థి, “సార్, కిబ్లా ఎటు?” అని అడిగాడు. పన్నెండుమందిమి పన్నెండు వైపులా చూశాము. ఒక్కరమూ చెప్పలేకపోయాము. ప్రతిదినమూ దిక్కు చూసి నిలబడే వాళ్లమే. కాని మాకు దిక్కు చూపింది మసీదు గోడే తప్ప మా తెలివి కాదని ఆ క్షణంలో తెలిసివచ్చింది.

నీటి వెంట పోతే ఊరు దొరుకుతుందని ఎవరో అన్నారు. ఎండిన వాగు పట్టుకొని దిగాము. అరగంట తరువాత వాగు హఠాత్తుగా ఒక రాతి అంచున ఆగిపోయింది, అవతల లోయ. వెనుదిరగబోయి ఒక విద్యార్థి జారిపడ్డాడు, చీలమండ బెణికింది. చీకటి పడుతున్నది. మా కేకలు విని మేకలు తోలుకొని పోతున్న ఒక సుగాలి పెద్దాయన వచ్చాడు. “ఏ దిక్కు నుంచి వచ్చారయ్యా?” అన్నది ఆయన మొదటి ప్రశ్న. మా దగ్గర సమాధానం లేదు. ఆయన నవ్వలేదు. “వాగు నీళ్లకు దారి సారూ, మనుషులకు గాదు” అని మాత్రం అన్నాడు. మేకలబాట వెంట మమ్మల్ని దింపి, తండాలో టీ ఇప్పించి పంపాడు.

ఆ ఒక్కమాటలో మన ప్రాంతపు భూగోళశాస్త్రమంతా ఇమిడి ఉన్నది. ఎత్తిపోతల వద్ద చంద్రవంక ఏమి చేస్తున్నదో మనమందరమూ చూసినదే. గట్టుపై నెమ్మదిగా పారి వచ్చి, సుమారు 70 అడుగుల లోతుకు ఒక్కసారిగా దూకుతున్నది. నల్లమల అంచులలో గట్టి రాతిపొరలను కోసుకొని వచ్చే వాగులకు ఇది సహజం. ఎగువనుండి వచ్చేవానికి అంచు చేరేదాకా జలపాతం కనబడదు. చదును నేలపై మంచి సలహా అయినది గట్టుపై ప్రాణాంతకం కావచ్చును.

ఆనాటి పుట్ట సంగతి కూడా శాస్త్రానికి తెలిసినదే. 2009లో జర్మనీ పరిశోధకులు మనుషులను అక్కడి అడవిలోనూ, ట్యునీసియా ఎడారిలోనూ నడిపించి చూశారు. సూర్యుడు కనబడినంతసేపు వారు ఇంచుమించు తిన్నగా నడిచారు. మబ్బు కమ్మినప్పుడు, తిన్నగానే పోతున్నామనుకుంటూ వలయాలు తిరిగి తమ అడుగులనే దాటారు. అంటే దారి తప్పడం తెలివితక్కువతనం కాదు, మానవదేహానికి సహజమైన లోపం. ఆ లోపాన్ని ఒప్పుకోకపోవడమే తెలివితక్కువతనం.

అదే సంవత్సరం సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ప్రయాణిస్తున్న హెలికాప్టరు నల్లమలలో అదృశ్యమైనది. వైమానిక దళం, పోలీసు బలగాలు అన్నీ కదలినా, మర్నాడు ఉదయానికి గాని దాని జాడ తెలియలేదు. ఒక రాష్ట్ర ముఖ్యమంత్రి కోసం జరిగిన అన్వేషణే అంతసేపు పట్టినచోట, పదకొండుమంది విద్యార్థులను ఫోను నమ్ముకొని తీసుకొనిపోయిన అధ్యాపకుడు ఏ ధైర్యంతో పోయినట్లు?

కొందరు మిత్రులు, “అయితే కొండలకు పోవడమే మానుకుందాం” అంటారు. నేను ఒప్పుకోను. భయపడి మూసిన తలుపు ఎవరికీ చదువు చెప్పదు. నేర్చుకొని పోదాము. నేర్చుకోవలసినది కూడా కొండంత కాదు. ఉర్దూలో దిక్సూచిని కుతుబ్‌నుమా అంటారు, ధ్రువాన్ని చూపేదని అర్థం. అర చేతిలో ఇమిడే ఆ పరికరానికి సిగ్నలు అక్కరలేదు, చార్జింగు అక్కరలేదు. భారత సర్వేక్షణ శాఖవారి 1:50,000 పటంలో 2 సెంటీమీటర్లు 1 కిలోమీటరుకు సమానం. 20 మీటర్ల ఎత్తు తేడాకు ఒక గీత. ఆ గీతలు ఒకదానికొకటి అతుక్కున్నట్లు కనబడితే అక్కడ అంచు ఉన్నదన్నమాట. ఈ ఒక్క సంగతి ఎరిగి, ఆ పటం చేతిలో ఉండి ఉంటే ఆనాడు మేము ఆ వాగు దిగి ఉండేవాళ్లం కాదు.

పరాయి దేశపు పుస్తకాలను యథాతథంగా నమ్మరాదు. మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన ఉంటాడని అవి చెబుతాయి. మనమున్నది సుమారు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం. మే మొదటి వారంలోనూ, ఆగస్టు మొదటి వారంలోనూ మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్యకాలంలో ఉత్తరం వైపే ఉంటాడు. ధ్రువనక్షత్రం కూడా మనకు ఆకాశంలో పదహారున్నర డిగ్రీల ఎత్తునే కనబడుతుంది. ఎదుట కొండ ఉంటే దాని చాటున పడిపోతుంది. మన ఆకాశాన్ని మనమే చదువుకోవాలి.

కమిటీవారికి నా విన్నపాలు కొన్ని ఉన్నవి. కళాశాలకు ఈ ప్రాంతపు పటాలు, నాలుగు దిక్సూచులు కొనాలి. ఏ యాత్రకైనా ముందు ఒకరోజు కళాశాల ఆవరణలోనే వాటితో అభ్యాసం చేయించాలి. పోయేవారి పేర్లు, పోయే దారి, తిరిగివచ్చే వేళ ఆఫీసులో రాసిపెట్టి పోవాలి. పులుల అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతి లేనిదే అడుగు పెట్టరాదు, పెట్టినా బాట విడువరాదు. గట్టు ఎక్కేటప్పుడు ఆ నేల తెలిసిన తండావాసినో, చెంచునో తగిన కూలి ఇచ్చి వెంట తీసుకొనిపోవాలి. అది దయ కాదు, పాఠం చెప్పినవానికి చెల్లించవలసిన జీతం.

చివరి విన్నపం తోటి అధ్యాపకులకూ, నాకూను. యాత్రలో అందరికంటే చిన్న విద్యార్థి “దారి తప్పాము సార్” అన్నా అక్కడే ఆగాలి, పటం విప్పాలి, అవసరమైతే వచ్చిన దారినే వెనుదిరగాలి. ఆనాడు నాకు దిక్సూచి లేకపోవడం ఒక లోపం. దిక్సూచి వంటి కుర్రవాడు పక్కనే ఉండగా వాని నోరు మూయించడం అంతకంటే పెద్ద లోపం. బెణికిన కాలు రెండు వారాల్లో నయమైనది. “అది వేరే పుట్ట” అన్న నా మాట మాత్రం తరగతి గదిలో ఎవరైనా సందేహంతో చేయి ఎత్తినప్పుడల్లా నాకు గుర్తుకు వస్తూనే ఉన్నది.