మంచి ముక్కలే చదువు



పోయిన ఆదివారం సాక్ష్యాల సమయంలో పదకొండు మంది లేచారు. పదకొండు మందీ "దేవుని కృపవల్ల అంతా క్షేమం" అని చెప్పి కూర్చున్నారు. వారిలో కనీసం ముగ్గురి ఇళ్ళలో ఏం జరుగుతోందో మాకు తెలుసు, మీకూ తెలుసు. అయినా అందరం ఆమేన్ అన్నాం. ఈ అలవాటు మీద మాకు చాలాకాలంగా కోపం. ఈ వారం రాయక తప్పడం లేదు, ఎందుకంటే దీనివల్ల మనం ఒక మనిషిని పోగొట్టుకున్నాం. ఆ కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాం. పేర్లు రాయం.

1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. శ్రీలంక ప్రభుత్వానికీ తమిళ పులులకీ మధ్య సాగుతున్న అంతర్యుద్ధంలో శాంతి కాపాడాలని మన సైన్యం వెళ్ళింది. అక్టోబరు వచ్చేసరికి ఆ సైన్యమే పులులతో యుద్ధానికి దిగింది. ఆ నెలలో జాఫ్నా ఆసుపత్రిలో రోగులు, సిబ్బంది కూడా చనిపోయారు. 1990 మార్చి 24న చివరి దళం బయలుదేరేసరికి మన జవాన్లు దాదాపు 1,200 మంది ప్రాణాలు పోయాయి. మన గోదావరి జిల్లాలకు సైన్యం కొత్త కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలటరీ మాధవరం అనే అంటారు. మా పేట నుంచి కూడా ఒక అన్నయ్య ఆ లంకకు వెళ్ళాడు.

ఆయన తల్లికి చదువు రాదు. ఊడ్పులకీ కోతలకీ వెళ్ళే మనిషి. కొడుక్కి ఉత్తరం వేయాలంటే నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కింద 56 ఏపీఓ. ఊరి పేరు ఉండదు, దేశం పేరు ఉండదు. "యాభై ఆరు అంటే ఏం ఊర్రా?" అని అడిగేది. జవాబు వస్తే ఆ ఇన్‌లాండ్ లెటరు కొంగున కట్టుకుని మా ఇంటికి వచ్చేది. మా నాన్నగారు అప్పుడు సంఘంలో సువార్తికులు. ఆయనకు చూపు ఆనదు గనుక మూడో తరగతిలో ఉన్న మా చేత చదివించేవారు.

ఒక ఉత్తరంలో మధ్యన ఇలా ఉంది. ముందు వెళ్తున్న బండి కింద మందుపాతర పేలిందట. ముందురోజు రాత్రి తనతో కలిసి తిన్నవాళ్ళను ఏరి తెచ్చారట. నిద్ర పట్టడం లేదట. ప్రార్థన చేద్దామంటే నోట మాట రావడం లేదట. మేము ఆ మొదటి ముక్క ఎత్తుకోగానే నాన్నగారి చెయ్యి మా భుజం మీద పడింది. "మంచి ముక్కలే చదువు" అన్నారు. దాటేశాం. మనియార్డరు సంగతి, చెల్లి పెళ్ళి సంగతి చదివి ఆపేశాం. ఆమె కాగితం మీద వేలు పెట్టి, "ఇంత రాశాడే, ఇంతేనా?" అంది. "అంతా క్షేమమేనమ్మా, దేవునికి స్తోత్రం" అన్నారు నాన్నగారు. జవాబు కూడా ఆయనే రాశారు. ఇక్కడ అందరం క్షేమం. ఆ పిల్లవాడి భయానికి బదులుగా ఒక్క మాట కూడా ఈ ఊరి నుంచి వెళ్ళలేదు.

అన్నయ్య తిరిగొచ్చాడు. స్తోత్ర కూడిక పెట్టి భోజనాలు పెట్టాం. ఆ దీపావళికి ఎవరో టపాకాయ కాలిస్తే మంచం కింద దూరాడు. పేటంతా నవ్వింది. తర్వాత సారా, ఆ తర్వాత బ్రాందీ. దెయ్యం పట్టిందన్నాం, ఉపవాస ప్రార్థనలు చేశాం. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిన వాళ్ళం ఒక్కరం లేం. చివరికి పెద్దలు తీర్మానం రాసి ప్రభువు బల్ల నుంచి దూరం పెట్టారు. ఆదివారం గుడి బయట అరుగు మీద కూర్చునే ఆ మనిషే.

తల్లి తట్టుకోలేదని దాచారు, అందులో తప్పేముంది అని మీలో కొందరు అడుగుతారు. మా నాన్నగారూ అదే అనేవారు. ఆయన మంచి మనిషి. కానీ ఆమె 1986 ఆగస్టు వరదలో భర్తను పోగొట్టుకుని ముగ్గురు పిల్లల్ని సాకిన తల్లి. ఆమె గుండె ఎంత గట్టిదో తేల్చడానికి మనమెవరం? నిజం చెప్పాలంటే మనం కాపాడుకున్నది మనల్నే. చదివితే ఆమె ఏడుస్తుంది, ఆమె ఏడిస్తే పక్కన కూర్చోవాలి. అది మనకు కష్టం.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు నుంచి మన సిపాయిలు రాసిన ఉత్తరాలను తెల్లదొరలు విప్పి చదివేవారు. అందుకని సిపాయిలు నల్ల మిరియాలు, ఎర్ర మిరపకాయలు అని రాసేవారు. నల్లవి మనవాళ్ళు, ఎర్రవి తెల్లవాళ్ళు. నల్ల మిరియాలు అయిపోయాయంటే ఇంట్లోవాళ్ళకు అర్థమవ్వాలని వాళ్ళ ఆశ. దొరల కత్తెర కింద నుంచి కూడా మాట దాటించాలని చూశారు. మన పేటలో ఏ దొరా లేడు. కత్తెర మన చేతిలోనే ఉంది.

వాక్యం చూడండి. యుద్ధభూమిలో ఉన్న కొడుకుల కోసం యెష్షయి దావీదు చేత వేయించిన ధాన్యం, రొట్టెలు పంపి, క్షేమం కనుక్కుని రమ్మన్నాడు, ఊరికే కాదు, ఆనవాలు తెమ్మన్నాడు. క్షేమమనే మాట ఒక్కటీ ఆ తండ్రికి చాలలేదు. పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయంలోనే, ఆసియలో బ్రదుకు మీద ఆశ వదులుకున్నంత శ్రమ వచ్చిందని, అది మీకు తెలియకుండా ఉండకూడదని రాశాడు. ఆ ఉత్తరం మా నాన్నగారి చేతిలో పడితే ఆ వచనం దాటేసి ఉండేవాళ్ళం. ఇప్పుడు కాశ్మీరు నుంచి పిల్లలు వీడియో కాల్ చేస్తున్నారు. "తిన్నావా నాన్నా?" "తిన్నానమ్మా." అంతే. మధ్యలో ముక్కలు దాటేయడానికి ఇప్పుడు చదివేవాడు కూడా అక్కర్లేదు.

పోయిన నెల ఆ తల్లి ట్రంకు పెట్టెలోంచి ఆ ఉత్తరం తీయించి మొత్తం చదివాం. ఇప్పుడామెకు ఎనభై దాటాయి. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అప్పుడే చదివుంటే అయ్యగారూ, వాడు మంచం కింద దూరిన రోజు చీపురుతో కొట్టేదాన్ని కాదు కదా" అంది. మా దగ్గర జవాబు లేదు.

తీర్మానం ఇంకా మినిట్స్ పుస్తకంలోనే ఉంది. వచ్చే పెద్దల కూటంలో దాన్ని కొట్టేయమని అడగబోతున్నాం. తాగుడు మానాక చూద్దాం అనేవారు ముందు వెళ్ళి ఆ ఉత్తరం చదివి రండి, మధ్యలో ముక్కతో సహా. అడిగిన వాళ్ళందరికీ ఇస్తానని ఆమె చెప్పింది.