భాగమే కదా అని తేలిగ్గా తీసేయకండి

మొన్న ఒక పుస్తకావిష్కరణ సభలో వక్త ఒకాయన గొంతు తగ్గించి "అనంతం" అన్నారు. చప్పట్లు. తర్వాత ఈశావాస్యోపనిషత్తు శాంతిమంత్రం, ఆ వెంటనే కాంటర్, ఆ పైన గెలాక్సీలు. ఇరవై నిమిషాల ప్రసంగంలో ఇది ఒప్పు, ఇది తప్పు అని తేల్చగలిగే వాక్యం ఒక్కటి లేదు. పక్కనున్న మిత్రుడు "ఎంత లోతుగా మాట్లాడారో!" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

నా ఫిర్యాదు ఇదీ. మన సాహిత్య వ్యాసాల్లో అనంతం అనే మాట రాగానే ఆలోచన ఆగిపోతుంది. మొత్తానికి ఒక దండం పెట్టేసి చేతులు దులుపుకుంటాం. దాని లోపలి భాగాల జోలికి పోం. మొత్తమే తెలిశాక భాగం ఎంత అనుకుంటాం. ఈ రెండో అలవాటు మరీ చెడ్డది. ఎందుకంటే అది పచ్చి తప్పు, తప్పని రుజువు కూడా చేయొచ్చు.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. ఎమ్మెస్సీలో ఒక ఇంటర్నల్ పరీక్షలో, పరిమిత సంఖ్యలో జనకాలున్న గ్రూపులో ఏ ఉపగ్రూపుకైనా పరిమిత సంఖ్యలోనే జనకాలుంటాయని రాశాను. రుజువు? "భాగం మొత్తం కంటే పెద్దది కాదు కనుక." మార్కులు పడ్డాయి! ఆ కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. దిద్దినవారికీ నాకూ అది రుజువు అడగాల్సిన విషయంలా తోచలేదన్నదే అసలు సంగతి. చాలా ఏళ్ళు ఆ తప్పుతోనే హాయిగా బతికాను.

గ్రూప్ అంటే (మన పాఠ్యపుస్తకాల్లో సమూహం) ఒకదాని తర్వాత ఒకటి చేయగలిగిన, చేసినదాన్ని వెనక్కి తీసుకోగలిగిన పనుల కూటమి. రూబిక్ క్యూబ్ తిప్పుళ్ళు ఒక గ్రూప్. ఏ కొన్ని పనులతో మిగతా అన్నీ చేయగలమో వాటిని జనకాలంటారు. గ్రూపులో భాగంగా ఉంటూ తనంతట తనూ గ్రూపయ్యేది ఉపగ్రూప్.

ఇప్పుడొక అపార్ట్‌మెంట్ ఊహించండి. పైకి అంతులేని అంతస్తులు, కిందికి అంతులేని సెల్లార్లు. ప్రతి అంతస్తులో ఒక బల్బు, దానికో స్విచ్. మీరు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నారు, బల్బులన్నీ ఆరి ఉన్నాయి. మీ చేతిలో ఉన్నవి రెండే పనులు: లిఫ్టులో ఒక అంతస్తు ఎక్కడం (దిగడం దానికి తిరుగుపని), ఉన్నచోట స్విచ్ నొక్కడం. ఈ రెంటితో చేయగలిగిన పనులన్నీ కలిస్తే ఒక అనంత గ్రూప్. గణితంలో దీనికి లాంప్‌లైటర్ గ్రూప్ అని పేరు. జనకాలు రెండే.

ఇందులో ఒక భాగం తీసుకుందాం: ఎక్కడ తిరిగినా చివరికి బయల్దేరిన అంతస్తుకే తిరిగొచ్చే పనులు. ఇదీ గ్రూపే. దీనికి జనకాలు ఎన్ని కావాలి? మీరొక జాబితా ఇవ్వండి. వెయ్యి పనులు రాశారనుకుందాం, వాటిలో ఏదీ వెయ్యో అంతస్తు దాటలేదనుకుందాం. ప్రతి పనీ మిమ్మల్ని మళ్ళీ కిందికే దింపుతుంది కాబట్టి, వాటిని ఎన్నిసార్లు, ఏ వరసలో చేసినా 1001వ అంతస్తులో బల్బు వెలగదు. జాబితా ఎంత పెంచినా ఇదే కథ. అంటే మొత్తాన్ని రెండు పనులు పుట్టిస్తాయి గానీ, దానిలోని ఈ భాగాన్ని పుట్టించడానికి ఏ పరిమిత జాబితా చాలదు. రుజువు అయిపోయింది. నా ఎమ్మెస్సీ మార్కులు వెనక్కి ఇచ్చేయాలి.

జనకాలు మొదటి మెట్టు మాత్రమే. రెండో మెట్టు నియమాలు: ఏ పనులు ఏ వరసలో చేస్తే ఏమీ చేయనట్టే అవుతుందో చెప్పేవి. మూడో మెట్టు నియమాల మధ్య సంబంధాలు. అలా పైకి. ఎన్ని మెట్ల వరకు పరిమిత జాబితాతో నెట్టుకురాగలం అన్నదే ఈ శాస్త్రం అడిగే ప్రశ్న. మన లాంప్‌లైటర్ రెండో మెట్టు దగ్గరే జారిపోతుంది. గ్రౌండ్ బల్బు ముందా, ఏడో అంతస్తు బల్బు ముందా అన్న వరస పట్టింపు లేదనేది ఒక నియమం. ఎనిమిదికి ఇంకోటి, తొమ్మిదికి ఇంకోటి. పరిమితమైన కొన్ని నియమాల నుంచి మిగతావన్నీ రాబట్టలేం.

1963లో జాన్ స్టాలింగ్స్ మొదటి రెండు మెట్లూ ఎక్కి మూడో మెట్టు మీద విఫలమయ్యే గ్రూపుని చూపించాడు. అది ఏ వింతలోకంలోనిదో కాదు. పక్కపక్కన పడ్డ అక్షరం, దాని తిరుగు అక్షరం కొట్టేసుకోవడం తప్ప వేరే నియమం లేని 'స్వేచ్ఛా గ్రూపులు' మూడింటిని పక్కపక్కన పెడితే, వాటి లోపల ఉపగ్రూపుగా దొరుకుతుంది. 1997లో బెస్ట్‌వీనా, బ్రాడీ ఇంకా విచిత్రమైనది చూపించారు: హోమాలజీ అనే కొలమానం ప్రకారం అన్ని మెట్లూ పరిమితమే, కానీ నియమాలు రాయబోతే పరిమిత జాబితాలో ఇమడవు.

వీటన్నిటికంటే నన్ను కుదిపింది మిఖైలోవా 1958లో రుజువు చేసిన ఫలితం. రెండక్షరాల స్వేచ్ఛా గ్రూపులు రెండింటిని జత చేయండి. ఆ జత గురించి మనకు తెలియని రహస్యం ఏమీ లేనట్టే ఉంటుంది. అయినా అందులో పరిమిత జనకాలున్న ఒక ఉపగ్రూప్ ఉంది. ఒక పనిని చూపించి ఇది ఆ ఉపగ్రూపులోదేనా అని అడిగితే, ప్రతిసారీ అవునో కాదో చెప్పగల అల్గారిథం లేదు. ఇప్పటికి దొరకలేదని కాదు, ఉండదు. మొత్తం అరచేతిలో ఉసిరికాయ, భాగం మాత్రం అందదు.

"సరే, భాగాలన్నీ అగమ్యగోచరమే అంటారు, అంతేనా?" అని ఎవరైనా అడగొచ్చు. కాదు. అలా అంటే మళ్ళీ ఆ సభలో చప్పట్లు కొట్టినట్టే. స్వేచ్ఛా గ్రూపులో పరిమిత జనకాలున్న రెండు ఉపగ్రూపుల ఉమ్మడి భాగానికి కూడా జనకాలు పరిమితమేనని హౌసన్ 1954లోనే రుజువు చేశాడు. మిఖైలోవా చూపిన ఆ జతలోనే, ఉపగ్రూపుకి నియమాలు కూడా పరిమితంగా ఉండాలని ఒక్క షరతు పెంచండి. అప్పుడది స్వేచ్ఛా గ్రూపన్నా అవుతుంది, లేదా పరిమిత తేడాతో రెండు స్వేచ్ఛా గ్రూపుల జతన్నా అవుతుందని 1984లో బామ్‌స్లాగ్, రోజ్‌బ్లేడ్ తేల్చారు. ఒక్క మెట్టు పైకెక్కగానే అడవి తోటయింది. ఎక్కడ తోట, ఎక్కడ అడవి అన్నది దండం పెడితే తెలిసేది కాదు. ఒక్కో భాగాన్నీ విడిగా పట్టుకుని అడగాలి.

ఇంకో మాట. దయచేసి దీంట్లోంచి జీవితసత్యం పిండకండి. వ్యక్తీ సమాజమూ, ఆత్మా పరమాత్మా అంటూ రేపు ఎవరో ఒకరు మొదలుపెడతారని నాకు తెలుసు. బల్బుల రుజువు బల్బుల గురించే. ఒక పేరాలో పట్టే ఆ రుజువు, అనంతం మీద గంటసేపు సాగే పరవశం కంటే ఎక్కువ చెబుతుందన్నదే నా వాదన.

కాబట్టి ఈసారి వేదిక మీద ఎవరైనా అనంతం అంటే, చప్పట్లకు ముందు ఒక్క ప్రశ్న వేయండి: "దేని గురించండీ? ఎన్ని జనకాలు?" మర్యాదగానే అడగండి. నేను ఆ రోజు అడగలేదు. పరీక్షలో నన్నూ ఎవరూ అడగలేదు.