ఇంటి బండి: గేరు మొరాయిస్తే

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో కొన్నిటి వాకిళ్ళలో నేటికీ ఒక పాత కారు కనబడుతుంది. తాతగారి నాటిది. అమ్మబుద్ధి కాదు, నడపబుద్ధీ కాదు. ఎందుకని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: “గేరు పడటం లేదండీ, గరగరమంటోంది.” అంతటితో బండి గుడ్డ కప్పుకొని కూర్చుంటుంది. ఈ నెల ఆ గరగర సంగతి చూద్దాం.

ఉదాహరణకు స్టాండర్డ్ హెరాల్డ్‌ను తీసుకుందాం. ఇంగ్లండులో ట్రయంఫ్ వారు 1959లో వెలువరించిన ఈ బండిని 1961 నుండి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు తయారు చేశారు. దీని రూపశిల్పి ఇటలీ దేశస్థుడు మిచెలొట్టి. ఈ హెరాల్డ్ చట్రం ఆధారంగానే 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు పుట్టింది. అంటే మన వాకిట్లోని బండికి విలాయతులో ఒక దుడుకు తమ్ముడున్నాడన్నమాట. అన్నదమ్ములిద్దరికీ గేర్లు నాలుగే. లివరు ఇద్దరికీ నేలమీదనే. మొదటి గేరుకు సింక్రోమెష్ లేకపోవడమనే లక్షణం కూడా ఇద్దరికీ ఉండేది. తమ్ముడికి అది 1970లో వచ్చిన నాలుగవ నమూనాతో గాని సమకూడలేదు. మన ఫియట్ 1100కు, దాని తరువాతి పద్మినికి కూడా మొదటి గేరు ఇటువంటిదే.

ఈ సింక్రోమెష్ అంటే ఏమిటి? కదులుతున్న బస్సును ఎక్కేవాడు దాని వెంట నాలుగడుగులు పరుగెత్తి, వేగం కలిసిన తరువాతనే కమ్మీ పట్టుకుంటాడు. నిలుచున్న చోటునుండి పట్టుకున్నవాడి భుజం జారుతుంది. గేరుబాక్సులో కూడా వేరువేరు వేగాలతో తిరిగే రెండు భాగాలు కలవాలి. వేగాలు కలవకుండా పళ్ళు కలపబోతే వచ్చేదే ఆ గరగర. సింక్రోమెష్‌లో ఒక ఇత్తడి ఉంగరం ముందుగా రాసుకొని రెండింటి వేగాన్ని సమం చేస్తుంది. ఆ పిమ్మటనే పళ్ళు కలుస్తాయి. అమెరికాలో 1928లో కాడిలాక్ కారులో ఇది మొదట వచ్చింది. అంతకు పూర్వం డ్రైవరే తన కాలితో, చెవితో ఆ పరుగు పెట్టవలసి వచ్చేది.

కావున గేరు పడకపోతే మొదట అడగవలసిన ప్రశ్న “గేరుబాక్సు విప్పిద్దామా?” అన్నది కాదు. “వేగాలు కలవకుండా అడ్డుపడుతున్నదేది?” అన్నది. చాలాసార్లు దోషం క్లచ్చిది, దెబ్బలు గేరుకు. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్లే.

ఇంట్లోనే చేయదగిన పరీక్ష ఒకటున్నది. బండిని చదునైన చోట నిలిపి, ఇంజను ఆపి, క్లచ్చి తొక్కి గేర్లన్నీ ఒక్కొక్కటే వేసి చూడండి. తిన్నగా పడుతున్నాయా? ఇప్పుడు న్యూట్రలులో ఇంజను నడిపించి, క్లచ్చిని పూర్తిగా తొక్కి, మనసులో పది లెక్కపెట్టి రివర్సు వేయండి. అప్పుడు కూడా గరగరమంటే క్లచ్చి పూర్తిగా విడవడం లేదని అర్థం. హెరాల్డ్‌కు క్లచ్చి నూనె ఒత్తిడితో పనిచేస్తుంది. గొట్టంలో గాలి చేరినా, సిలిండరులో రబ్బరు వాషరు అరిగినా పెడలు కిందికి పోతుంది గాని క్లచ్చి విడవదు. దానిలో బ్రేకు ఆయిలే పోయాలి. ఇంజను ఆయిలు పోస్తే రబ్బరు ఉబ్బిపోతుంది.

రెండవది లివరు కింది కీళ్ళు. న్యూట్రలులో లివరు గాలికి ఊగే కొమ్మలా ఊగుతూ, రెండో గేరు ఎక్కడో నాలుగో గేరు ఎక్కడో తెలియకుండా ఉంటే, అక్కడి రబ్బరు, నైలాను బుష్షులు అరిగాయన్నమాట. ఇవి చిన్న వస్తువులు, తక్కువ ఖర్చుతో పోయేవి. వీటిని మార్చిన తరువాత అదే బండి కొత్తదానిలా తోచి ఆశ్చర్యపడేవారున్నారు.

మూడవది నూనె. పాత బండికి మంచి చేద్దామని అంగడిలో అన్నిటికంటె ఖరీదైన గేరు ఆయిలు తెచ్చి పోసేవారున్నారు. డబ్బా మీద జి.ఎల్. 4, జి.ఎల్. 5 అని వ్రాసి ఉంటుంది. అయిదు నాలుగు కంటె పెద్దది గదా అనుకోరాదు. జి.ఎల్. 5లో గంధకం, భాస్వరం కలిసిన మందులు ఎక్కువ పాళ్ళలో ఉంటాయి. కొన్ని రకాలు ఇత్తడి ఉంగరాలను తినివేస్తాయి. అంతేగాక మరీ జారుడుగా ఉంటే ఉంగరం రాసుకొని వేగం సమం చేయలేదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్ననాలుక ఊడినట్లవుతుంది. ఇత్తడి ఉంగరాల గేరుబాక్సుకు జి.ఎల్. 4 రకం 90 నంబరు నూనె తగినది.

ఈ మూడూ సరిచూసిన పిమ్మట కూడా కదులుతున్న బండిలో ఒక్క గేరు మాత్రమే, ముఖ్యంగా రెండవది, గరగరమంటే దాని ఉంగరం అరిగిందనుకోవచ్చు. వేసిన గేరు తనంతట తానే ఊడివస్తుంటే లోపలి స్ప్రింగో, పళ్ళో చూడవలసి ఉంటుంది. అప్పుడే మెకానిక్కు చేత బాక్సు విప్పించండి.

ఇక నడిపేవారి వంతు. పాత లారీ డ్రైవర్లు డబుల్ క్లచ్చి అంటారే, అది నేర్చుకోవలసిన విద్య. మూడు నుండి రెండుకు దిగాలంటే: క్లచ్చి తొక్కి న్యూట్రలుకు తేవాలి. క్లచ్చి వదలి ఆక్సిలరేటరును ఒక్కసారి తట్టాలి. మళ్ళీ క్లచ్చి తొక్కి రెండు వేయాలి. ఎంత తట్టాలి? హెరాల్డ్‌లో మూడవ గేరు నిష్పత్తి 1.39, రెండవది 2.16. మూడులో ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే, అదే వేగంలో రెండుకు సుమారు 3,100 చుట్లు కావాలి. అంటే ఇంజను గొంతు ఒకటిన్నర రెట్లు లేవాలి. చెవికి అలవాటైతే లెక్కతో పనిలేదు. పై గేరుకు పోయేటప్పుడు ఆక్సిలరేటరు అక్కరలేదు. న్యూట్రలులో ఒక్క క్షణం ఆగితే చాలు. నిలిచిన బండిలో మొదటి గేరు మూలిగితే, ముందు రెండవ గేరును మెల్లగా తాకించి, తరువాత మొదటిది వేయండి. తిరుగుతున్న చక్రాలు ఆ తాకిడికి నిలిచిపోతాయి. ఎప్పుడూ లివరును మూడు వేళ్ళతో నడిపించాలి గాని పిడికిలితో పొడవరాదు. నడిపేటంతసేపూ దాని మీద చెయ్యి వేసి ఉంచరాదు.

ఇదంతా సరదాకు చెప్పే సంగతి కాదు. మన ప్రాంతం వారికి దీనితో అవసరం ఎక్కువ. హోసూరు నుండి కృష్ణగిరికి వచ్చేసరికే నేల చాలా దిగుతుంది. ధర్మపురి దాటి సేలం పోయేదారిలో తొప్పూరు కనుమ ఉన్నది. 2020 డిసెంబరులో, మళ్ళీ 2024 జనవరిలో అక్కడ జరిగిన ఘోర ప్రమాదాలు పత్రికలలో చదివే ఉంటారు. డీజిలు మిగులుతుందని కొందరు లారీవారు ఆ దిగుడులో న్యూట్రలులో వస్తారని పోలీసులు ఎన్నిసార్లో హెచ్చరించారు. న్యూట్రలులో బండిని పట్టి ఆపే ఇంజను ఉండదు. బరువంతా బ్రేకులే మోయాలి. డ్రమ్ము బ్రేకులు కాగిపోతే పెడలు ఎంత తొక్కినా పట్టు దొరకదు. ఆ వేళ గేరు వేయబోతే సింక్రోమెష్ అరిగిన రెండవది పడదు, సింక్రోమెష్ లేని మొదటిది అసలే పడదు. గేరు మొరాయించేది సరిగ్గా మనకు అది కావలసిన చోటనే.

అందుచేత కనుమ మొగదలలోనే, నేల ఇంకా చదునుగా ఉండగానే, బండిని నిదానించి మూడు గాని రెండు గాని వేసుకొని, ఆ గేరులోనే కిందిదాకా దిగాలి. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే అని పెద్దలు చెప్పే మాట ఈ బండ్లకు నేటికీ వర్తిస్తుంది.

ఇళ్ళలో పిల్లలు ఇప్పుడు ఆటోమేటిక్ బండ్లకు అలవాటు పడుతున్నారు. తాతగారి బండిని వారికి అప్పగించేముందు, ఒక ఆదివారం ఉదయం ఖాళీ మైదానానికి తీసుకుపోయి ఈ డబుల్ క్లచ్చి చేయించండి. ఇంట్లో పెద్దవారెవరైనా ఆ బండి నడిపినవారుంటే వారినే పక్కన కూర్చోబెట్టండి. తాళంచెవి ఇచ్చిన చేత్తోనే ఈ విద్య కూడా ఇచ్చి పంపితే, తొప్పూరు దిగే రోజున ఇంట్లోవారు నిశ్చింతగా ఉండవచ్చు.