ఒక్క ఖాళీ ఖరీదు

అక్క పెళ్లి ఫొటోలు ‘పెళ్లి’ ఫోల్డర్‌లో, పనికిరానివి ‘పెళ్లి పాతవి’లో ఉన్నాయి. రెండోది తీసేద్దామని చిన్న బాష్ స్క్రిప్ట్ రాశా. ఫోల్డర్ పేరు వేరియబుల్‌లో పెట్టి, ‘ఆర్‌ఎమ్ మైనస్ ఆర్’ పక్కన కోట్స్ లేకుండా ఇచ్చా. అంతే! మధ్యలో ఖాళీ చూసి షెల్ రెండు పేర్లనుకుంది. ‘పెళ్లి’ ఎగిరిపోయింది, ‘పెళ్లి పాతవి’ మాత్రం భద్రం. ఆర్‌ఎమ్‌కి రీసైకిల్ బిన్ ఉండదు మరి!

అందుకే వేరియబుల్‌ని డబుల్ కోట్స్‌లో పెట్టండి. లోపలి పేరు ముక్కలవకుండా వస్తుంది. సింగిల్ కోట్స్‌లో పెడితే డాలర్ గుర్తు కూడా మామూలు అక్షరమే, వేరియబుల్ పనిచేయదు. ఒక్క అక్షరాన్నే కాపాడాలంటే దాని ముందు బ్యాక్‌స్లాష్ చాలు.

ఫొటోగ్రాఫర్ దగ్గర కాపీ ఉంది కాబట్టి బతికిపోయా. అక్కకి మాత్రం ఇంకా చెప్పలేదు!