బేస్ గిటార్ కొనే ముందు స్పీకర్ సంగతి చూడండి: ఉద్దానం కుర్రాళ్ళకి ఒక మాట

"అన్నా, 30 వేలు ఉన్నాయి. ఏ బేస్ గిటార్ తీసుకోమంటావ్?" పలాస, టెక్కలి, సోంపేట వైపు నుంచి నన్ను అడిగేవాళ్ళందరి ప్రశ్నా ఇదే. ఏ ఆంప్లిఫైయర్, ఏ క్యాబినెట్ అని మాత్రం ఎవ్వరూ అడగరు. గిటార్ వచ్చాక చూసుకుందాం అనుకుంటారు. అప్పటికి డబ్బులు అయిపోతాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ 30 వేలూ గిటార్ మీద పెట్టకండి. కనీసం సగం స్పీకర్ వైపు పెట్టండి. జీడితోటల మీద, చేపల వేట మీద, నెల జీతం మీద నడిచే మన ఇళ్ళల్లో 30 వేలంటే చిన్న మొత్తం కాదు. అంత పెట్టి కొన్న వాయిద్యం ఆరు నెలలకే గోడకి వేలాడటానికి అసలు కారణం చాలాసార్లు గిటార్ కాదు, దాని శబ్దం ఎవరికీ వినబడకపోవడమే.

చర్చిలోనో, పెళ్ళి ఆర్కెస్ట్రాలోనో, అమ్మవారి సంబరాల స్టేజి మీదో చూడండి. కీబోర్డు వినిపిస్తది, ప్యాడ్స్ వినిపిస్తాయి. బేస్ వాయించేవాడి వేళ్ళు కదులుతుంటాయి గానీ శబ్దం మాత్రం రాదు. "ఏట్రా బావా, వాయిస్తున్నావా లేదా?" అని పక్కోడు అడుగుతాడు. ఇలా నాలుగుసార్లు అయితే వాడు బేస్ వదిలేసి మామూలు గిటార్‌కి మారిపోతాడు. మన వైపు బేసిస్టులు తక్కువ అవడానికి ఇదొక కారణమని నేను నమ్ముతాను.

ఫోన్ స్పీకర్‌లో రివ్యూ విని కొనకండి

మన దగ్గర బేస్ కొనేవాళ్ళు ముందు చేసే పని యూట్యూబ్‌లో రివ్యూ చూడటం, అదీ ఫోన్ స్పీకర్‌లో. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ, అంటే ఇ తీగ, మోగేది సుమారు 41 హెర్ట్జ్ దగ్గర. ఐదు తీగల బేస్ అయితే బి తీగ 31 హెర్ట్జ్‌కి దిగుతుంది. ఫోన్‌లో ఉన్న ఆ వేలెడు స్పీకర్ కొన్ని వందల హెర్ట్జ్ కిందకి వచ్చేసరికే చేతులెత్తేస్తుంది. 41 సంగతి చెప్పక్కర్లేదు.

మరి ఫోన్‌లో బేస్ వినిపిస్తున్నట్టే ఉంటుంది కదా? ఉంటుంది. తీగ మీటితే 41 ఒక్కటే రాదు. దాని రెట్లు 82, 123, 165, ఇంకా పైవి కూడా వస్తాయి. పైవి వినబడితే చాలు, అడుగున ఉన్న 41ని మన మెదడే ఊహించి పూరించేసుకుంటుంది. అంటే ఫోన్‌లో మీరు పోల్చింది రెండు బేస్‌ల పై స్వరాలని మాత్రమే. లక్ష రూపాయల బేస్‌కీ, 12 వేల బేస్‌కీ అడుగున ఎంత తేడా ఉందో ఆ స్పీకర్ మీకు చెప్పలేదు.

ఇంట్లోనే ఒక టెస్ట్ చేసుకోవచ్చు. ఇళయరాజా సంగీతం చేసిన 'గీతాంజలి' (1989) పాటల్లో ఏదో ఒకటి ముందు ఫోన్ స్పీకర్‌లో వినండి. తర్వాత అదే పాట మంచి వైర్డ్ హెడ్‌ఫోన్‌లో వినండి. గొంతు మారదు, వయొలిన్లు పెద్దగా మారవు. కింద నడిచే బేస్ మాత్రం వేరే పాటలా ఉంటుంది. హెడ్‌ఫోన్ చెవికి అతుక్కుని ఉంటుంది కాబట్టి చిన్నదైనా ఆ పని చేయగలదు. హాల్లో 200 మందికి వినిపించాలంటే మాత్రం పెద్ద కోన్, పెద్ద పెట్టె కావాల్సిందే.

స్పీకర్ ఎందుకు అంత ముఖ్యం

అకూస్టిక్ గిటార్‌కి డొల్ల శరీరం ఉంటుంది, దాని శబ్దం దానిదే. 1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్ వచ్చినప్పటి నుంచి మనం వాడుతున్న ఎలక్ట్రిక్ బేస్ ఎక్కువగా గట్టి చెక్క. ప్లగ్ పెట్టకపోతే పక్క గదిలోకి కూడా వినబడదు. కాబట్టి ఆంప్, క్యాబినెట్ అనేవి బేస్‌కి యాక్సెసరీలు కాదు, వాయిద్యంలో రెండో సగం.

పైగా బేస్ స్వరం చాలా ఖరీదైన స్వరం. ఒకే కోన్‌తో, ఒకే శబ్ద తీవ్రతతో, స్వరాన్ని ఒక స్థాయి కిందకి దింపాలంటే, అంటే 82 నుంచి 41కి తేవాలంటే, ఆ కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం ముందుకీ వెనక్కీ కదలాలి. మామూలు గిటార్ ఆంప్‌లో ఉండే స్పీకర్ అంత కదలడానికి తయారైంది కాదు. అందుకే గిటార్ ఆంప్‌లో బేస్ పెట్టి వాల్యూమ్ పెంచితే ముందు బరబరమంటుంది, తర్వాత పాడైపోతుంది. కీబోర్డ్ ఆంప్ కాస్త నయం గానీ, చిన్నదైతే దాని గతీ అంతే.

వాట్లు మెగాపిక్సెల్స్ లాంటివి

108 మెగాపిక్సెల్ కెమెరా అంటే 12 మెగాపిక్సెల్ కెమెరా కన్నా తొమ్మిది రెట్లు మంచి ఫొటో కాదని ఈ సైట్ చదివేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. వాట్లు కూడా అంతే. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి "రెట్టింపు గట్టిగా ఉంది" అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్ల పవర్ కావాలి. 50 వాట్ల నుంచి 100కి వెళ్ళినందుకు మీకు దక్కేది ఒక మెట్టు మాత్రమే.

స్పెక్స్‌లో చూడాల్సిన అంకె వేరే ఉంది, సెన్సిటివిటీ. 1 వాట్ ఇస్తే 1 మీటర్ దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయో అది చెబుతుంది. ఒక క్యాబినెట్‌ది 91, ఇంకోదానిది 97 అనుకోండి. తేడా 6 డెసిబెల్స్. రెండోదానికి 100 వాట్లు ఇస్తే వచ్చే శబ్దం మొదటిదానితో రావాలంటే 400 వాట్లు కావాలి. అంటే మంచి క్యాబినెట్ కొంటే చిన్న ఆంప్ సరిపోతుంది. క్యాబినెట్ మీద రాసిన "300 వాట్స్" అనేది అది ఎంత గట్టిగా మోగుతుందో చెప్పదు. కాయిల్ కాలిపోకుండా ఎంత వేడి తట్టుకోగలదో చెబుతుంది, అంతే.

ఇక బాక్స్ మీద "పీఎంపీఓ 5000 వాట్స్" అని కనిపిస్తే అక్కడే వదిలేయండి. ఆర్ఎంఎస్ ఎంతో రాయని స్పీకర్‌ని బేస్ కోసం కొనొద్దు.

ఓమ్స్ అంటే జీడిపప్పు గ్రేడ్

పలాస వాళ్ళకి ఇది చిటికెలో అర్థమవుతుంది. జీడిపప్పులో డబ్ల్యూ 180 అంటే పెద్ద పప్పు, డబ్ల్యూ 320 అంటే దానికన్నా చిన్నది. అంకె పెరిగితే పప్పు సైజు తగ్గుతుంది, ఎందుకంటే అది పౌనుకి ఎన్ని పప్పులు తూగుతాయనే లెక్క. ఓమ్స్ కూడా తిరగేసిన లెక్కే. 4 ఓమ్స్ క్యాబినెట్ 8 ఓమ్స్ దానికన్నా ఆంప్ నుంచి ఎక్కువ పవర్ లాగుతుంది. "300 వాట్స్, 4 ఓమ్స్" అని రాసి ఉన్న ఆంప్‌కి ఒక్క 8 ఓమ్స్ క్యాబినెట్ తగిలిస్తే దాదాపు సగం పవరే బయటికి వస్తుంది.

రెండు 8 ఓమ్స్ క్యాబినెట్లు కలిపి పెడితే మొత్తం 4 ఓమ్స్ అవుతుంది. రెండు 4 ఓమ్స్ పెడితే 2 అవుతుంది. మీ ఆంప్ కనీసం 4 అని చెబుతుంటే ఈ రెండోది చేయొద్దు, వేడెక్కి పోతుంది. ఇంకో సంగతి, గిటార్ నుంచి ఆంప్‌కి వెళ్ళే కేబుల్, ఆంప్ నుంచి క్యాబినెట్‌కి వెళ్ళే కేబుల్ చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒకటి కాదు. రెండోచోట లావుపాటి స్పీకర్ కేబులే వాడాలి.

చిన్నది, లోతైనది, గట్టిది: మూడింట్లో రెండే

స్పీకర్ డిజైన్‌లో హాఫ్‌మన్ ఐరన్ లా అని ఒకటుంది. పెట్టె చిన్నగా ఉండాలి, స్వరం లోతుగా ఉండాలి, తక్కువ పవర్‌తో గట్టిగా మోగాలి. ఈ మూడింట్లో ఏ రెండైనా తీసుకోవచ్చు, మూడూ రావు. "చిన్న బాక్సే గానీ బేస్ అదిరిపోద్ది" అని ఎవరైనా అమ్మితే, వాల్యూమ్ సగం దాటించి వినిపించమనండి.

ఫెండర్ రంబుల్ వరసే తీసుకోండి. 25 వాట్ల మోడల్‌లో 8 అంగుళాల స్పీకర్, 40లో 10 అంగుళాలది, 100లో 12 అంగుళాలది ఉంటాయి. నా లెక్కలో 8 అంగుళాలది గదిలో ప్రాక్టీస్‌కి. డ్రమ్స్ పక్కన నిలబడాలంటే 10 అంగుళాల నుంచి మొదలుపెట్టండి, 12 అయితే ఇంకా మంచిది. ఏ కంపెనీది చూసినా ఈ కొలతే పెట్టుకోండి. చాలా బేస్ క్యాబినెట్లు కూడా 41 హెర్ట్జ్‌ని పూర్తిగా ఇవ్వవు. 80 దగ్గర గట్టిగా నిలబడితే మిగతాది చెవి పూరించుకుంటుంది.

"సౌండ్ సర్వీస్ వాళ్ళ బాక్సులు ఉంటాయి కదా?"

నా వాదనకి వచ్చే అసలైన అభ్యంతరం ఇదే, ఇందులో నిజం కూడా ఉంది. ఊళ్ళో పెద్ద ప్రోగ్రామ్ అయితే సౌండ్ వాళ్ళ దగ్గర 18 అంగుళాల బేస్ బాక్సులు ఉంటాయి. డీఐ అవుట్ నుంచి మిక్సర్‌కి ఇస్తే మీ బేస్ ఊరంతా వినిపిస్తుంది. అందుకే ఆరుబయట స్టేజి కోసం పెద్ద క్యాబినెట్ కొనమని నేను చెప్పను. అయితే ఆ బాక్సులు జనం వైపు తిరిగి ఉంటాయి. స్టేజి మీద మీకు మీరు వినబడకపోతే డ్రమ్స్‌తో కలవలేరు. వారానికి ఐదు రోజులు ఇంట్లోనో, చర్చి హాల్లోనో జరిగే ప్రాక్టీస్‌కి సౌండ్ సర్వీస్ రాదు. కాబట్టి డీఐ అవుట్ ఉన్న మధ్యస్థం కాంబో, అంటే ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేది, మన అవసరానికి సరిగ్గా సరిపోతుంది.

"ఫోన్ యాప్, బ్లూటూత్ స్పీకర్ చాలదా?" అంటారు ఇంకొందరు. పాట వినడానికి చాలు, వాయించడానికి చాలదు. బ్లూటూత్‌లో మామూలుగా 100 మిల్లీసెకన్ల పైనే ఆలస్యం ఉంటుంది. 120 టెంపోలో ఒక బీట్ 500 మిల్లీసెకన్లు. అంటే మీరు మీటిన స్వరం దాదాపు పావు బీట్ లేటుగా వస్తుంది. బేస్ వాయించేవాడి పనే టైమ్ పట్టుకోవడం. ఒంటరిగా సాధన చేయడానికి వైర్డ్ హెడ్‌ఫోన్ మాత్రం మంచిదే. బడ్జెట్ మరీ తక్కువైతే అక్కణ్ణుంచి మొదలుపెట్టండి, తప్పేం లేదు.

మన గాలి, మన కరెంటు

రివ్యూల్లో రాయనివి రెండున్నాయి. మొదటిది ఉప్పుగాలి. బారువ, కవిటి, వజ్రపుకొత్తూరు వైపు తీగలు త్వరగా తుప్పు పడతాయి, నాబ్‌లు తిప్పితే కరకరమంటాయి. వాయించాక తీగలు పొడిబట్టతో తుడవండి. క్యాబినెట్ ప్లైవుడ్‌దో కాదో అడగండి. పొట్టు నొక్కి చేసిన చెక్క తేమకి ఉబ్బిపోతుంది. అంచులు ఊడిన పెట్టె ప్రతి స్వరానికీ గిలకలా మోగుతుంది.

రెండోది కరెంటు. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన ఊళ్ళు మనవి. అందుకే మనకి ఇన్వర్టర్ మీద కూడా నడిచే చిన్న కాంబో మేలు. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌ది కాకపోతే హమ్ వస్తుందని గుర్తుంచుకోండి. అన్నిటికన్నా ముఖ్యం ఎర్తింగ్. మీ బేస్ తీగలు కేబుల్ ద్వారా ఆంప్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి. పందిట్లో ఎర్త్ లేని ప్లగ్ బోర్డు పెట్టి, చేయి తీగల మీద ఉండగా పెదవి మైక్‌కి తగిలితే షాక్ కొట్టొచ్చు, ప్రాణం మీదకి రావొచ్చు. మూడో పిన్ను విరిచి ప్లగ్ పెట్టే అలవాటు స్టేజి మీద మానేయాల్సిందే.

30 వేలు ఎలా పంచాలి

ధరలు వారానికోలా మారతాయి కాబట్టి వాటాలే చెబుతాను. 30 వేలలో 12 వేలు గిటార్‌కి, 15 వేలు కాంబోకి, మిగతా 3 వేలు కేబుల్, ట్యూనర్, స్ట్రాప్, బ్యాగ్‌కి. 15 వేలకి కొత్తది 8 అంగుళాలకే ఆగిపోతే, 10 లేదా 12 అంగుళాల సెకండ్ హ్యాండ్ వెతకండి. ఈ రోజుల్లో మొదటి మెట్టు బేస్‌లు కూడా బాగానే తయారవుతున్నాయి. తీగలు మార్చుకోవచ్చు, సెటప్ చేయించుకోవచ్చు, రెండేళ్ళ తర్వాత పికప్‌లు కూడా మార్చుకోవచ్చు. 8 అంగుళాల పెట్టెని మాత్రం ఎవరూ 12 చేసివ్వలేరు.

ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టే ముందు ఒక్కసారి ప్రయాణం చేయండి. పలాస నుంచి విశాఖ రైల్లో సుమారు 200 కిలోమీటర్లు, బరంపురం 80 కూడా ఉండదు. మీకు నచ్చిన బేస్ పట్టుకుని షాపులో రెండు మూడు కాంబోల్లో వాయించి చూడండి. ఇ తీగ గట్టిగా మీటినప్పుడు స్వరం స్పష్టంగా నిలబడుతోందా, బుస్సుమంటోందా అన్నది చూస్తే చాలు. తర్వాత అదే కాంబోలో చవక బేస్ ఒకటి పెట్టి వినండి. తేడా ఎంతో తెలిశాక, డబ్బు ఎటు పెట్టాలో ఎవర్నీ అడగక్కర్లేదు.