టికెట్టు కొని ఎక్కే యాంటెన్నా

జర్మనీలోని స్టుట్‌గార్ట్ గిన్నె అడుగున కూర్చున్నట్టుండే ఊరు. చుట్టూ కొండలు, వాటి వాలుల్లో ద్రాక్షతోటలు. చూడ్డానికి ముచ్చటే గానీ, టీవీ సిగ్నలుకు మాత్రం తలనొప్పి. అందుకే 1950ల్లో అక్కడి ప్రసార సంస్థ హోహర్ బోప్సర్ కొండ మీద 200 మీటర్ల ఇనుప స్తంభం నిలిపి, చుట్టూ తీగలతో లాగి కట్టేద్దామనుకుంది. సుమారు 2 లక్షల మార్కులతో పోయేది.

వంతెనల ఇంజినీరు ఫ్రిట్జ్ లియోన్‌హార్ట్ అడ్డుపడ్డాడు. ఊరంతటికీ కనబడే చోట ఆ ఇనుప కర్ర ఎందుకు, కాంక్రీటు టవరు కట్టి, జనం ఎక్కి చూసేలా పైన అంతస్తులు పెడదాం అన్నాడు. ఖర్చు 42 లక్షల మార్కులు తేలింది. ఇరవై ఒక్క రెట్లు! మన ఆడిటర్ల చేతిలో పడితే ఆ ఫైలు బతికి బట్టకట్టేదా?

1956 ఫిబ్రవరిలో టవరు తెరిచారు. పెట్టిన డబ్బు ఐదేళ్లలో టికెట్ల మీదే తిరిగొచ్చింది.

లిఫ్టు దిగితే 150 మీటర్ల ఎత్తున చూపరుల వేదిక. మబ్బు లేని రోజున స్వాబియన్ ఆల్ప్ కొండలు, అటు బ్లాక్ ఫారెస్టు కనిపిస్తాయి. కింది అంతస్తులో ఒకరు కాఫీ తాగుతుంటే, నెత్తిమీద యాంటెన్నా తన పని తాను చేసుకుపోతుంటుంది. కొండ మీంచి కబురు చెప్పడం మనకూ కొత్త కాదు. హైదరాబాదులో నౌబత్ పహాడ్ మీద నగారా మోగించి ఫర్మానాలు వినిపించేవారని చెబుతారు. ఇప్పుడు ఆ గుట్టలు ఎక్కేవాళ్లు బిర్లా మందిరానికొచ్చే భక్తులు, కింద హుస్సేన్‌సాగర్ చూడ్డానికొచ్చే జనం. ప్రసారానికని కొండ కొమ్ము తీసుకుని చుట్టూ కంచె వేయడమే దారి అనేవాళ్లు ఒకసారి స్టుట్‌గార్ట్ లెక్క చూడాలి.

జనాన్ని ఎక్కించాక బాధ్యతా ఎక్కుతుంది. లిఫ్టులు, మెట్లు, కేబుళ్లు అన్నీ ఆ ఒక్క సన్నటి కాంక్రీటు గొట్టంలోనే. నిప్పంటుకుంటే దిగేదెలా? ఈ భయంతో 2013 మార్చిలో మేయరు ఫ్రిట్జ్ కూన్ టవరుకు తాళం వేయించారు. ఊరు గుర్రుమంది. అయినా ఆయన చేసింది సబబే; ప్రమాదం జరిగాక వేసే తాళం ఎవరికి కావాలి? అగ్నిరక్షణ పనులు ముగించి 2016 జనవరిలో మళ్లీ తెరిచారు.

అప్పటికి ఆ టవరు నుంచి టీవీ ప్రసారాలు ఆగి పదేళ్లు. మిగిలింది రేడియోనే. పేరు మాత్రం ఇంకా టీవీ టవరే, టికెట్ల గదీ మూతపడలేదు.